రెండు నీళ్ళు వార్చిన తమ్మగింజలు

పోయిన ఆదివారం మా తమ్ముడి మనవరాలు హైదరాబాదు నుంచి నందిగామ వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులొక మూల, సంచి ఒక మూల పడేసి, ముఖం ముడుచుకుని నా మంచం మీద కూలబడింది. ఈ పిల్ల అక్కడ ఒక పరిశోధనాలయంలో రక్తపు జబ్బుల మీద పనిచేస్తుంది. జీవకణం లోపల ఏది చెడితే ఏ జబ్బు వస్తుందో వెతకడం దాని ఉద్యోగం. ఏమైందే అని అడిగితే, విదేశాల నుంచి రావలసిన చిన్న మందు సీసా ఒకటి ఎక్కడో విమానాశ్రయంలో చిక్కుకుపోయిందనీ, అది పడితే తప్ప రక్తంలోని తెల్లకణాలు విభజన చెందవనీ, అవి విభజన చెందక తన పనంతా అటకెక్కిందనీ చెప్పుకొచ్చింది. ఆ సీసాలో ఏముంటుందే అన్నాను. నోరు తిరగని పేరొకటి చెప్పి, “నీకు తెలీదులే మామ్మా, చిక్కుడు జాతి గింజల్లోంచి తీస్తారు” అంది.

నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వాను. నేను కూడా ఒకప్పుడు ఇలాంటి పనే చేశానని దానికి లీలగా తెలుసు గాని, చిన్నప్పుడు వాళ్ళ తాత చేత రోజంతా వాంతులు చేయించిన గింజే నన్ను ఈ పనిలో నిలబెట్టిందని తెలియదు. మంచినీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకుని, దానికి చెప్పిన సంగతే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. దానికంటే మీకే బాగా అర్థమవుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఇది చదివే మీలో చాలామంది నా ఈడువాళ్ళు.

మనం చదువుకున్న యాభైలలో సైన్సు అంటే బడిలో తాళం వేసి ఉండే ఒక బీరువా. మా జగ్గయ్యపేట బడిలో ఆ బీరువాలో ఒకే ఒక మైక్రోస్కోపు ఉండేది, దాన్ని పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు బట్ట కప్పి తెచ్చి కిటికీ దగ్గర బల్ల మీద కూర్చోబెట్టేవారు మా సైన్సు మేష్టారు. ఉల్లిపొర వేసి, ముందు ఆడపిల్లల్ని చూడమన్నారు. నా వంతు వచ్చింది. కన్ను ఆనించి చూసి, కనిపించింది కనిపించినట్టు పలక మీద గీశాను. పొడుగ్గా, నల్లగా, ఒంపు తిరిగిన వెంట్రుకలు వరుసగా ఉన్నాయి. మేష్టారు ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “అమ్మాయ్, ఇది ఉల్లిపాయ కాదు, నీ కనురెప్ప” అన్నారు. క్లాసు క్లాసంతా గొల్లుమంది. నా ముఖం మిరపపండు అయింది. కాని ఆయన మంచివారు, బడి వదిలాక మళ్ళీ పిలిచి, తల ఎంత దూరం పెట్టాలో, రెండో కన్ను ఎలా తెరిచే ఉంచాలో నేర్పించి చూపించారు. అప్పుడు కనిపించింది, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు కణాల గోడ. మన ఒళ్ళు కూడా ఇలాంటి గోడేనమ్మా అన్నారాయన. ఇంటికి వెళ్ళే దారంతా నా చెయ్యి నేనే చూసుకుంటూ నడిచి, ఎదురుగా వస్తున్న సున్నపురాయి బండిని కూడా చూసుకోలేదు. బండివాడు నన్ను తిట్టిన తిట్లు మాత్రం ఇక్కడ రాయను.

మా నాన్నగారు మిషను బడిలో ఉపాధ్యాయులు. జగ్గయ్యపేటలో మేముండే ఇంటికి ప్రహరీ లేదు, కంపదడి ఉండేది, ఆ దడి నిండా మా అమ్మ తమ్మతీగ పాకించేది. ఇప్పటి పిల్లలకు తమ్మకాయ అంటే తెలియదు గనక చెబుతున్నాను: జానెడు పొడుగు, మూడువేళ్ళ వెడల్పు, చూడడానికి చిన్న కత్తిలాగ ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు కోసి కొబ్బరి వేసి కూర వండితే, ఆదివారం ఆరాధన కాగానే మా ఇంటికి చుట్టాలు ఎందుకొచ్చేవారో నాకు ఆ వయసులోనే అర్థమైంది. ముదిరితే లోపల గింజలు చింతగింజకు రెండింతలుండి, తెల్లగా, నున్నగా, చూస్తే నోట్లో వేసుకోవాలనిపించేలా ఉంటాయి. మా తమ్ముడికి అలాగే అనిపించింది. పిడికెడు పచ్చిగింజలు నమిలి మింగాడు. ఆ రోజు వాడు కక్కిన కక్కులకు ఇల్లంతా అట్టుడికిపోయింది, సాయంత్రానికి గాని వాడి కళ్ళు నిలవలేదు.

నిజానికి మా వాడకట్టులో ఈ గింజల గురించి ఒక ఆనవాయితీ అంతకుముందే ఉంది. ముదురు తమ్మగింజను పచ్చిది పరాయి ఇంటికి ఇవ్వకూడదు. ఉడకబెట్టి, నీళ్ళు వార్చి, మళ్ళీ నీళ్ళు పోసి ఉడకబెట్టి, అవీ వార్చి, నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు కూడా పుచ్చుకునేవాళ్ళ ఎదురుగా ఇచ్చినవాళ్ళు ముందొకటి తమ నోట్లో వేసుకోవాలి. ఎవరికైనా ఏమైనా అయితే ఆ ఉసురు ఇచ్చిన చేతికే తగులుతుందని వాళ్ళ భయం. తమ్ముడి వాంతుల తర్వాత మా అమ్మకు ఆ ఆనవాయితీ బైబిలు తర్వాత బైబిలైంది. నాన్నగారికి నందిగామ బదిలీ అయినప్పుడు సామానంతా ఎద్దుబండి మీద వెళ్తే, తమ్మ విత్తనాలు మాత్రం అమ్మ కొంగున కట్టుకుని బస్సెక్కింది. నందిగామ ఇంటి దడి కూడా ఏడాది తిరిగేసరికి పచ్చబడింది.

అక్కడి నుంచి నా చదువు సాగిన తీరు చెబితే చాంతాడంత అవుతుంది గనక వదిలేస్తాను. జంతుశాస్త్రంలో పై చదువు పూర్తయ్యేసరికి అరవైలు వచ్చాయి. ఒక వైద్య కళాశాలలో ఒక ప్రొఫెసరు గారు విదేశాల్లో కొత్త విద్య నేర్చుకుని వచ్చి, పరిశోధన సహాయకురాలు కావాలని ప్రకటిస్తే వెళ్ళాను, చేరాను. మనిషి రక్తంలోని తెల్లకణాలను సీసాలో పెంచి, అవి రెండుగా చీలబోయే సమయానికి ఆపి, లోపల ఉన్న క్రోమోజోములను చూడడం, అదీ ఆ విద్య. ఎవరికి ఎన్ని ఉన్నాయి, ఏది విరిగింది, ఏది ఎక్కువైంది అని చూస్తే కొన్ని జబ్బుల మూలం తెలుస్తుంది. ఆ రోజుల్లో మన దేశంలో అది చేతనైనవాళ్ళు బహుకొద్దిమంది.

నందిగామలో మాత్రం నా ఉద్యోగం ఎవరికీ అంతుపట్టలేదు. వైద్య కళాశాలలో ఉంటుందిగా అని నేను సెలవులకు వస్తే చాలు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చెవిలో చీము కారేవాళ్ళు వరండాలో కూర్చునేవారు. నేను డాక్టర్ని కానండీ, రక్తం చూస్తానంటే, రక్తం చూసి జాతకం చెబుతుందట అని ఎవరో పుట్టించారు. కోదాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెయ్యి నా ముందు చాపి, “గిది చూసి మా పిల్ల లగ్గం ఎప్పుడైతదో చెప్పు బిడ్డా” అని అడిగింది కూడా. మా అమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వడం నాకింకా వినిపిస్తూనే ఉంది.

నాన్నగారు నవ్వలేదు. ఆయనకు ఉద్యోగమంటే పర్మనెంటుగా ఉండాలి. నాదేమో ఏడాదికేడాది పొడిగించే తాత్కాలికపు పని. అదే సమయానికి నందిగామ బడిలో సైన్సు టీచరు ఖాళీ ఒకటి రాబోతోంది, ఆయన మాట వేస్తే నాకు వచ్చేదే. ఆయన కోప్పడలేదు, అదే చిక్కు, కోప్పడితే ఎదురు చెప్పేదాన్ని. “చూడమ్మా, క్రిస్మస్ దాకా ఉండు. ఈలోపు నీ పనిలో ఇదిగో ఇదీ అని నా చేతికి చూపించేది ఒక్కటన్నా ఉంటే నేను మళ్ళీ నోరెత్తను. లేకపోతే జనవరిలో వచ్చి ఇక్కడ చేరు” అన్నారు. మాటంటే మాట మనిషి. సరేనండీ అన్నాను గాని, అది జరిగే పని కాదని నాకు తెలుసు.

ఎందుకంటే అప్పటికి మా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ప్రొఫెసరు గారు వస్తూ వస్తూ తెచ్చుకున్న మందు సీసా, ఇప్పుడు మా పిల్ల ఏ సీసా కోసం ఏడుస్తోందో అదే, అయిపోయింది. మళ్ళీ తెప్పించాలంటే ఓడ రావాలి. గదిలో ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి, గాలిలో ఉండే సూక్ష్మజీవులు పడకుండా స్పిరిటు దీపం పక్కన చెమటలు కారుతూ సీసాలు సర్దేవాళ్ళం. మూడు రోజులు ఒంటి వేడి తగ్గకుండా వాటిని కాపాడాలి. కరెంటు పోతే వెచ్చటి పెట్టె చల్లారిపోతుంది గనక, ఊక నింపిన బుట్టలో వేడినీళ్ళ సీసాల మధ్య పెట్టి, పైన నా దుప్పటి కప్పేదాన్ని. బాలింత కూడా చంటిబిడ్డకు అంత ఊడిగం చేసి ఉండదు. అంతా చేశాక చూస్తే కణాలు ఉన్నవి ఉన్నట్టే ఉండేవి, ఒక్కటీ చీలేది కాదు. వాటిని కదిలించే మందు లేదు మరి.

ఇంత తాపత్రయం నా కోసమే అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. ముక్త్యాల వైపు నుంచి ఒక ఆమె నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని పిల్లల వార్డుకు వచ్చేది. వాడికి మాటలు రాలేదు, కళ్ళు ఏటవాలుగా, నాలుక కాస్త బయటికి, ఎవరిని చూసినా నవ్వే పిల్లాడు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు చేయకూడనిదేదో చేసిందని, అందుకే పిల్లాడిలా పుట్టాడని అత్తగారింట్లో రోజూ దెప్పేవారట. రక్తంలో చూస్తే కారణం తెలుస్తుందని ప్రొఫెసరు గారు ఒకసారి అన్నందుకు, వచ్చినప్పుడల్లా మా గది గుమ్మం దగ్గర నిలబడి, “తెలిసిందా అమ్మా? నా తప్పేనా?” అని అడిగేది. ఇంకా లేదమ్మా అని చెప్పడం నా వంతు. నేను జనవరిలో నందిగామ వెళ్ళిపోతే ఆ మాట చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు కదా అనిపించేది.

ఒకరోజు ప్రొఫెసరు గారు, ఆ మందు తీసేది చిక్కుడు జాతి గింజల్లోంచే గనక మనమే తీద్దామన్నారు. బజారు గింజలు తెచ్చి నూరి చూశాం. ఒక సంచివి కాస్త పనిచేసినట్టుంటే మరో సంచివి అసలు పనిచేసేవి కావు, ఎక్కడెక్కడివో కలిసిపోయి ఉంటాయి. ఒకే ఇంటివి, ఒకే తీగవి కావాలన్నారు. అదీ, పచ్చివి తింటే కడుపులో తిప్పే రకమైతే మరీ మంచిదట, ఆ చెడుగుణమూ మాకు కావలసిన గుణమూ ఒక్కటే కావడానికి అవకాశం ఉందట. ఆ మాట వినగానే నా కళ్ళ ముందు మా తమ్ముడు కక్కుతూ కనిపించాడు. నేను లేచి నిలబడి, సార్, అలాంటిది మా ఇంట్లో ఉందండీ అన్నాను. తమ్ముడి వాంతులకు అంత సంతోషించిన అక్క లోకంలో మరొకతె ఉండదు.

వెంటనే తమ్మగింజలు పంపమని ఇంటికి కార్డు రాశాను. వారం తిరక్కుండా నేనుండే హాస్టలుకు గుడ్డసంచిలో వచ్చాయి. నానబెట్టి, ఉప్పునీళ్ళతో కల్వంలో నూరి, వడకట్టి, తేరిన నీళ్ళు తీసి, పరీక్షకు ఒక చుక్క రక్తంలో కలిపాను. పనిచేసే మందైతే ఎర్రకణాలు క్షణాల్లో గుంపులు గుంపులుగా అతుక్కోవాలి. ఇదేమో కలిపినదీ కలపనిదీ ఒకటే. ఇంకొక దఫా తెప్పించాను, మళ్ళీ నూరాను. అదే తంతు. కల్వం తిప్పి తిప్పి అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రొఫెసరు గారు నా ముఖం చూసి నవ్వుతూ, మీ నందిగామ తమ్మకాయ పాపం నోట్లో నాలుక లేని మనిషిలా ఉందమ్మా, వదిలెయ్యి అన్నారు. దసరా వెళ్ళింది. నవంబరు వచ్చింది.

కోతల పండుగకు రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. ఆ పండుగకు మా సంఘంలో ఎవరి పంట వాళ్ళు గుడికి తెచ్చి దేవునికి అర్పిస్తే, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, గుమ్మడికాయ దగ్గర నుంచి కోడిపుంజు దాకా. బస్సు కీసర వంతెన దాటుతుండగానే, నాన్నగారికి ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. ఇంటికి వచ్చి పెరట్లోకి వెళ్ళేసరికి అమ్మ మూడురాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టి, మూత వారగా పట్టుకుని, ఆవిరికి ముఖం పక్కకు తిప్పి నీళ్ళు వారుస్తోంది. డేగిసా నిండా తమ్మగింజలు.

“పండుక్కా అమ్మా?” అన్నాను.

“సగం పండక్కి, సగం నీకు. ఇది రెండో నీళ్ళు” అంది.

“ఇంతకుముందు పంపినవి కూడా ఇట్టాగే ఉడకబెట్టి పంపావా?”

“మరి పచ్చివి పంపుతానా ఏంటి? హాస్టల్లో నలుగురి పిల్లలుంటారు, ఎవరన్నా నోట్లో వేసుకుంటే? రెండు నీళ్ళూ వార్చి, నీడన ఆరబెట్టి, బాగున్నయ్యో లేదోనని ఓటి నేను తిని మరీ పంపా.”

“నేను నీ కూతుర్నే! నాకు పచ్చివి పంపకూడదా? నేనేమన్నా పరాయిదాన్నా?”

“నువ్వు కాదే, హాస్టలు పరాయిల్లు కాదా?”

ఆ గింజలోని మహిమనంతా మా అమ్మ రెండు నీళ్ళలో వార్చి అరటిచెట్టు పాదులో పోసేసిందన్నమాట. నేను అక్కడే తిరగలి మీద కూలబడి ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. పైతోలు కాస్త ముడతపడి ఉంటే ఎండ ఎక్కువైందనుకున్నాను గాని, ఆ ఇంట్లో పుట్టి పెరిగి కూడా ఈ సంగతి నాకు తట్టలేదు చూడండి.

ఇక అసలు రామాయణం అప్పుడు మొదలైంది. పచ్చివి కావాలమ్మా, తినడానికి కాదు, రక్తంలో వెయ్యడానికి అన్నాను. అమ్మ చేతిలో మూత డేగిసా మీద పడింది. “రక్తంలోనా? ఎవరి రక్తంలో?” అంది. పేషెంట్ల రక్తమనీ, సీసాలో వేస్తామే గాని ఒంట్లోకి ఎక్కించమనీ ఎంత చెప్పినా వినదే. నోట్లో వేస్తేనే అంత పనిచేసిన గింజ రక్తంలో వేస్తే ఇంకేమన్నా ఉందా, ఎవరి బిడ్డకో ఏదన్నా అయితే ఆ ఉసురు ఎవరికి, పచ్చి గింజ నా గడప దాటదు అని కూర్చుంది. నాన్నగారు వరండాలో పేపరు చదువుకుంటూ అన్నీ వింటున్నారు, మధ్యలోకి రాలేదు. ఆయనకు క్రిస్మస్ దగ్గరపడుతోందని తెలుసు.

మర్నాడు వేలంలో మా ఉడికిన గింజలు మంచి పాటకే పోయాయి. గుడి నుంచి వస్తూ దారిలో ఉన్నట్టుండి అమ్మ ఆగి, “నేనూ నీతో వస్తా. గింజలు నా చేత్తో పట్టుకొస్తా. ముందు నా రక్తంలో వేసి చూడమను మీ డాక్టర్ని. నాకేం కాకపోతే తర్వాత ఎవరి రక్తంలో వేసుకున్నా సరే” అంది. ఇచ్చిన చెయ్యి ముందు తాను తిని చూపించాలి కదా, ఇదీ అంతే ఆమెకు. అప్పుడు నాన్నగారు మొదటిసారి నవ్వారు. వెళ్ళి రా, నాలుగైదు రోజులు నేను అన్నం వండుకోగలనులే అన్నారు. వండుకోలేదు, అన్ని రోజులూ పక్కింటివాళ్ళే పెట్టారని తర్వాత తెలిసింది.

అలా మా అమ్మ, అంతవరకు బెజవాడ దాటి ఎరగని మనిషి, ఒడిలో తమ్మగింజల మూట పెట్టుకుని, దారి పొడుగునా దాని మీద నుంచి చెయ్యి తియ్యకుండా నాతో బస్సూ రైలూ ఎక్కి వైద్య కళాశాలకు వచ్చింది. మెట్ల దగ్గరే ముక్త్యాల ఆమె కలిసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను తాళాలు తెచ్చేసరికి ఆ పిల్లాడు మా అమ్మ ఒళ్ళో కూర్చుని ఆమె కళ్ళజోడు లాగుతున్నాడు. లోపలికి వచ్చాక అమ్మ చీరకొంగు భుజం మీదికి సర్దుకుని, బల్ల మీద మోచెయ్యి ఆనించి, ప్రొఫెసరు గారితో, “తీసుకోండి డాక్టరు గారూ. ఎంత కావాలంటే అంత తీసుకోండి. ఆ పిల్లాడి తల్లికి మాత్రం తొందరగా ఏదో ఒకటి చెప్పండి” అంది. ఆయన సూది అందుకున్నారు.

ఈసారి నూరిన నీళ్ళు రక్తపు చుక్కను తాకగానే ఎర్రకణాలు బిలబిలమంటూ గుంపులు కట్టాయి. నేను పెట్టిన కేకకు పక్కగదిలో విద్యార్థులు పరిగెత్తుకొచ్చారు. అమ్మ రక్తం ఒక సీసాలో, పిల్లాడి రక్తం ఒక సీసాలో పెంచాం. అమ్మ ఆ మూడు రోజులూ హాస్టల్లోనే ఉండి, వంటమనిషికి పప్పుచారు ఎలా కాచాలో నేర్పించి, వార్డెన్ గారి చేత శభాష్ అనిపించుకుంది. నాలుగోనాడు ప్రొఫెసరు గారు చల్లటి గాజుపలక మీదికి జానెడు ఎత్తు నుంచి చుక్క వదిలారు, అలా పడితేనే కణం చిట్లి లోపలివి పరుచుకుంటాయి. రంగు వేసి, ఆరబెట్టి, ముందు నన్ను చూడమన్నారు. చూశాను. చెట్లూ పుట్టలూ పుస్తకాల్లో బొమ్మలూ అన్నీ చూశాను గాని, అంత అందమైనది నేను మళ్ళీ చూడలేదు. లెక్కపెట్టాను, నలభై ఆరు. నిజంగా మా అమ్మవి.

ఆమెను పిలిచి కూర్చోబెట్టి, కనురెప్పలు చూస్తుందేమోనని భయపడుతూ తల ఎక్కడ పెట్టాలో చూపించాను. కాసేపు కదలకుండా చూసి, “జడపిన్నులు పారబోసినట్టున్నయ్యే” అంది. నిజంగా అలాగే ఉంటాయి. వీటిలో సగం మీ అమ్మాయికి ఇచ్చారమ్మా మీరు అన్నారు ప్రొఫెసరు గారు. అమ్మ తలెత్తి, మిగతా సగం ఎవరివండీ అని అడిగింది. వాళ్ళ నాన్నగారివి అన్నారాయన. “అదీ సంగతి! ఆ మొండితనమంతా ఆ సగంలో వచ్చిందన్నమాట” అంది, పచ్చి గింజ గడప దాటదని రోజంతా భీష్మించుకు కూర్చున్న మా అమ్మ.

పిల్లాడిలో నలభై ఏడున్నాయి. ముక్త్యాల ఆమెను కూర్చోబెట్టి ప్రొఫెసరు గారే చెప్పారు: నీ వాడిలో తక్కువేమీ లేదమ్మా, ఒకటి ఎక్కువుంది, అది ఎవరూ చేసింది కాదు, కడుపున పడే వేళకే అలా పడింది, నువ్వు తిన్నదీ తిరిగిందీ ఏదీ దీనికి కారణం కాదు. ఆమె ఒకటికి రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. తర్వాత మా అత్తగారికి చెప్పడానికి ఇది ఒక కాగితం మీద రాసివ్వండి అంది. రాసిచ్చాను, ఇంగ్లీషులో కాదు, తెలుగులో, పెద్ద అక్షరాలతో. పిల్లాడికి మేమేమీ వైద్యం చేయలేకపోయాం, అది ఈనాటికీ నాకు బాధే. కాని ఆమె ఆ రోజు మెట్లు దిగిన తీరు చూశాక, ఈ పని వదలకూడదని నాకు స్థిరపడిపోయింది.

క్రిస్మస్ నాడు ఆరాధన కాగానే, మైక్రోస్కోపులోంచి తీసి అచ్చు వేయించిన ఫోటో నాన్నగారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వెలుగులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. ఇది మీ అమ్మా అన్నారు. అవునండీ అన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ టీచరు ఉద్యోగానికి మరెవరినైనా చూసుకోమని చెప్పి వచ్చారని తమ్ముడు చెప్పాడు. వారం తిరక్కుండా ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించారు. మా అమ్మానాన్నల పెళ్ళిఫోటో ఒకటి ఉండేది గాని, అందులో అమ్మ తల వంచేసుకుని ముసుగులో అసలు కనిపించదు. అందుకని ఇంటికి ఎవరొచ్చినా నాన్నగారు ఆ జడపిన్నుల ఫోటో చూపించి, ఇది మా ఆవిడ అని నిండు గంభీరంగా చెప్పేవారు. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఆ తర్వాత నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. నడుమ పెళ్ళి కూడా అయిందిలెండి, కాని ఆ కథలో ఇంత రసం లేదు.

అంతా విని మా తమ్ముడి మనవరాలు లేచి వెళ్ళి గోడ మీది ఫోటో చూసింది. వెలిసిపోయినా ఇంకా తెలుస్తూనే ఉంది. ఫోనుతో దాన్ని ఫోటో తీసి, ఏదో నొక్కి, అరనిమిషంలో జతలు జతలుగా పేర్పించి నాకు చూపించింది. ఆ జతలు కట్టడానికి నేను కత్తెర, జిగురు పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నానని చెబితే నోరు తెరిచింది. “నార్మల్ ఫీమేల్, మామ్మా. ఏ తేడా లేదు” అంది. తేడా లేదా, నీకేం తెలుసే అనుకున్నాను మనసులో.

నా వరండాలో సిమెంటు తొట్టిలో ఇప్పటికీ ఒక తమ్మతీగ ఉంది, నందిగామలో ఇంకే ఇంట్లోనూ నాకు కనబడలేదు. “ఆ గింజలు కొన్ని ఇవ్వు మామ్మా, సీసా వచ్చేదాకా ప్రయత్నిస్తా” అంది. లేచి డబ్బా తీశాను. మూత తీశాక ఎందుకో చెయ్యి ముందుకు సాగలేదు. పచ్చివి గడప దాటాలంటే నేనూ నీతో రావాలే, ముందు నా రక్తంలో వేసి చూడాలి అన్నాను. అది పడీపడీ నవ్వి, రా మామ్మా, కాని ఇప్పుడు ఎవరి రక్తం తియ్యాలన్నా కమిటీ ఒప్పుకోవాలి, నువ్వు నాలుగు పేజీలు చదివి సంతకం పెట్టాలి, సీసా మీద నీ పేరు కూడా ఉండదు, నంబరే ఉంటుంది అంది. మంచి పద్ధతే, మా రోజుల్లో అవేవీ లేకపోవడం గొప్పేమీ కాదు. సంతకం పెడతాను, నంబరుగానే ఉంటాను. కాని నాలుగు పేజీలు చదువుతున్నంతసేపూ నాకు గుర్తుకొచ్చేది మాత్రం, ఒక్క అక్షరం చదవకుండా, కొంగు సర్దుకుని, అప్పుడే మొదటిసారి చూసిన పిల్లాడి కోసం బల్ల మీద చెయ్యి చాపిన మా అమ్మే.